నమ్మని నేస్తానికి చెప్పేటప్పుడు



తిరుత్తణి నుంచి తిరువళ్లూరు మీదుగా చెన్నై వెళ్లే పొద్దుటి లోకల్ రైల్లో స్నేహాలు గట్టివే. ఒకరికొకరు సీటు పట్టిపెడతారు, టిఫిన్ పంచుకుంటారు. కానీ "మా సూపర్‌వైజరు నాతో తప్పుగా ప్రవర్తించాడే" అని ఒకమ్మాయి నోరు విప్పితే, "ఛ, ఆయన అలాంటివాడు కాదే! అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అనేస్తారు.

దెబ్బతిన్న మనిషి జరిగింది వరసగా చెప్పలేకపోవచ్చు. భయంలో మెదడు కొన్నిటినే పట్టుకుంటుంది. గది వాసన, తలుపు గడియ చప్పుడు గుర్తుంటాయి. తేదీ, ఏది ముందో ఏది వెనకో చెదిరిపోవచ్చు. కొందరు నవ్వుతూ కూడా చెబుతారు. దాన్ని అబద్ధమనుకోవడం వినేవాళ్ల తెలివితక్కువతనం, అంతే.

చెప్పదలచుకున్నవాళ్లు నలుగురిలో కాకుండా ఒక్కరినే ఎంచుకోండి. "సలహా వద్దు, కాసేపు విను" అని ముందే అనండి. గుర్తున్నంతవరకు కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆ ఒక్కరూ నమ్మకపోతే వాదించి గెలవక్కర్లేదు, మరొకరి దగ్గరకు వెళ్లండి.

పనిచోట వేధింపులపై 2013లో వచ్చిన చట్టానికి స్నేహితుల నమ్మకంతో పనిలేదు. 10 మంది, ఆపైన ఉన్నచోట అంతర్గత కమిటీ ఉండాలి. పదిమంది కూడా లేని మరమగ్గాల షెడ్డయితే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు రాయాలి. గడువు 3 నెలలు. తగిన కారణముంటే మరో 3 నెలలు.

1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాదే. అందుకే ఈ చుట్టుపక్కల తెలుగిళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మనసులోది తెలుగులోనే చెప్పుకోవాలంటే టెలీ మానస్ అనే మానసిక సహాయ ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. రాత్రీపగలూ పలుకుతారు, పైసా ఖర్చు లేదు.