బనియను కథ



కలంకారీ అని కొన్న కొత్త చీరెను తెలియక తెల్ల బనియన్లతో కలిపి నానబెట్టాను. గంటలో బనియన్లన్నీ ఎర్రబడ్డాయి. మావారు నవ్వి ఊరుకున్నారు గాని, నాకు మా పుట్టిల్లు అడవులదీవి పక్కనున్న నిజాంపట్నం గుర్తొచ్చింది.

మనవాళ్ళు లోపల తొడిగే ఈ బనియను ఒకప్పుడు ఐరోపా దొరలు చొక్కాపైన వేసుకున్న వదులు కోటు! మన 'బనియా' వర్తకుల పేరే దానికి వచ్చింది. వాటిలో ఎన్నో మన కోస్తా అద్దకపు గుడ్డతో కుట్టినవే. 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు నిజాంపట్నం రేవులో దిగింది ఈ గుడ్డల కోసమే. ముందు వీటినిచ్చి తూర్పుదీవుల్లో సుగంధద్రవ్యాలు కొన్నారు. తర్వాత తామే మోజుపడ్డారు. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెడితే ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1721లో వీటిమీద నిషేధం పెట్టాయి.

ఎందుకంత గిరాకీ? ఉతికినా రంగు పోదు. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానేసి, పటికతో అద్ది, చిరివేరు నీళ్ళలో కాచేవారు. పటిక పట్టిన చోటే ఎరుపు నిలిచేది. ఎన్ని చేతులు కాయలు కాచాయో! దొరల పేర్లు మిగిలాయి, ఆ చేతులవి మిగల్లేదు.

పెడనలో ఇప్పటికీ అచ్చులతో అద్దుతున్నారు. కొనేముందు తడి రుమాలుతో కొసను రుద్ది చూడండి. నిజమైన అద్దకమైతే, ధర ఎక్కువనుకునేముందు ఆ చేతుల్ని ఒక్కసారి తలుచుకోండి. సెలవు.