తొంభై రెండేళ్ళ రైలుబండి

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



జాతరకో, ఎగ్జిబిషన్‌కో వెళ్ళి, పిల్లల్ని జెయింట్ వీల్ ఎక్కించి, అది ఆగేదాకా కింద నిలబడి దేవుళ్ళందరికీ మొక్కుకోని తల్లి మనలో ఉందంటారా? నేనూ ఆ బాపతు మనిషినే.

2019 వేసవిలో న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఓ ఆదివారం అందరం న్యూయార్క్ సముద్రపొడ్డున కోనీ ఐలండ్ చూడబోయాం. అక్కడ 'సైక్లోన్' అనే రోలర్ కోస్టర్ ఉంది. దాని బండికి ఇంజను ఉండదు. ఒక గొలుసు దాన్ని 85 అడుగుల ఎత్తుకి లాక్కెళ్ళి వదిలేస్తుంది. అక్కణ్ణించి తన బరువుతో తానే పడుతూ లేస్తూ గంటకు 60 మైళ్ళ వేగం అందుకుంటుంది. అర మైలు దారి, రెండు నిమిషాలైనా పట్టదు. మా మనవరాలు అది ఎక్కి తీరాలని పేచీ పెట్టింది.

"ఎప్పటిదే ఇది?" అని అడిగాను. "1927లో కట్టారమ్మా. ఇనప చట్రం మీద చెక్క పట్టా" అంది మా అమ్మాయి. నా గుండె గుభేలుమంది. ఇంట్లో పాత కుక్కర్ గాస్కెట్‌నే నమ్మనిదాన్ని, తొంభై రెండేళ్ళ చెక్క మీద పసిదాన్ని ఎలా పంపను? పైగా బండి పైకి ఎక్కుతుంటే టకటకటకమని ఒకటే చప్పుడు! ఏదో వదులైపోయిందనే అనుకున్నాను.

తీరా గేటు దగ్గర కొలిస్తే పిల్ల అర అంగుళం తక్కువ వచ్చింది. 54 అంగుళాలుంటేనే ఎక్కనిస్తారట. అప్పటిదాకా వద్దన్నదాన్నే, పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసేసరికి నేనే "అర అంగుళమేగా బాబూ" అంటూ తెలుగులో బతిమాలడం మొదలెట్టాను. గేటు దగ్గరి అబ్బాయి నవ్వుతూనే తల అడ్డంగా ఊపాడు. అంతే, వెనక్కి వచ్చేశాం. దారిపొడుగునా వాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆ ఉక్రోషంతోనే ఆ బండి సంగతులు చదవడం మొదలుపెట్టాను. కొన్ని మా అల్లుడు విడమర్చి చెప్పాడు. అన్నీ తెలిశాక నేను భయపడిన చోటా, కోప్పడిన చోటా కూడా నాదే పొరపాటని అర్థమైంది.

మొదట ఆ టకటక సంగతి. బండి పైకి ఎక్కేటప్పుడు గొలుసు తెగినా వెనక్కి జారకుండా, దాని కింద ఒక ఇనప నాలుక పట్టా పక్కనున్న పళ్ళలో ఒక్కొక్కటిగా పడుతూ పోతుంది. ఆ చప్పుడే అది. నన్ను భయపెట్టిందే పిల్లల్ని కాపాడేదన్నమాట! ఇక బండి పైకి ఎగిరిపోకుండా పట్టా కింద కూడా చక్రాలుంటాయి. జాన్ మిల్లర్ అనే ఆయన 1919లో దీనికి పేటెంట్ పొందాడు.

మరి చెక్క అన్నేళ్ళు ఎలా నిలిచింది? నిలవలేదండీ, మారుస్తూ వచ్చారు. పట్టా అంటే ఒకే దుంగ కాదు. పలకల మీద పలకలు పేర్చి, పైన ఇనప బద్దీ వేస్తారు. ఎండకీ వానకీ చెక్క ఉబ్బుతుంది, ఎండుతుంది, మరలు వదులవుతాయి. అందుకని రోజూ పొద్దున్నే మనుషులు పట్టా పొడుగునా నడుస్తూ చూసుకుంటారు. ఆ తర్వాత ఖాళీ బండి నడిపి చూసిగాని జనాన్ని ఎక్కించరు. చలికాలంలో మూసి, అరిగిన భాగాలు తీసి కొత్త చెక్క వేస్తారు. మనం ఏటా పాత బొంతకి కొంత గుడ్డ మార్చి కుట్టుకోమూ? అలాగే.

1970 దశకం మొదట్లో పక్కనున్న ఆక్వేరియం విస్తరణ కోసం సైక్లోన్‌ను పడగొట్టాలనుకున్నారు. జనం ఊరుకోలేదు. 1975లో బాగుచేసి మళ్ళీ తెరిచారు. 1988లో నగరం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది.

అదే కోనీ ఐలండ్‌లో 1925 నాటి 'థండర్‌బోల్ట్' కూడా ఉండేది. దాని కిందనే ఒక ఇల్లు! ఒకావిడ అందులో ఏళ్ళ తరబడి కాపురం చేసింది. నెత్తిమీద బండి పరుగెడుతుంటే ఆవిడ అన్నం ఎలా వండుకుందో మరి. 1982 తర్వాత ఆ బండి నడవలేదు, చూసే దిక్కు లేక తుప్పుపట్టింది, 2000లో పడగొట్టారు. రెంటికీ వయసులో రెండేళ్ళే తేడా. ఒకదాన్ని రోజూ చూసుకున్నారు, ఒకదాన్ని వదిలేశారు. అంతే తేడా.

2014లో అదే పేరుతో ఉక్కుతో కొత్త థండర్‌బోల్ట్ కట్టారు. అందులో బండి తలకిందులుగా గుండ్రంగా తిరుగుతుంది. ఈ తిరుగుడు కొత్తదేం కాదు. 1895లోనే కోనీ ఐలండ్‌లో ఒకటి కట్టారు. కాని అది అచ్చంగా గాజులా గుండ్రంగా ఉండడంతో, వేగంగా వచ్చిన బండి ఒక్కసారిగా మలుపు తీసుకుని మెడలు పట్టేసేవి. 1976లో కాలిఫోర్నియాలో కట్టినదానికి వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజనీరు దాన్ని నీటిబొట్టు ఆకారంలోకి మార్చాడు. కింద, వేగం ఎక్కువున్నచోట వంపు మెల్లగా మొదలవుతుంది. పైన, వేగం తగ్గినచోట బిగుతవుతుంది. కొత్తది కట్టేవాళ్ళు మెడ, నడుము ఎంత ఓర్చుకుంటాయో ముందే లెక్క వేస్తారు. మొదట నీళ్ళు నింపిన బొమ్మల్ని కూర్చోబెట్టి నడిపి చూస్తారు.

ఆ లెక్కలో భాగమే గేటు దగ్గరి కొలబద్ద. ఒడిలోకి దిగే ఇనప కడ్డీ ఫలానా ఒళ్ళుకి సరిపోయేలా చేస్తారు. పిల్ల అంతకంటే చిన్నదైతే కడ్డీ బిగిసినట్టే కనిపిస్తుంది, పిల్ల మాత్రం కిందనించి జారిపోవచ్చు. అందుకని చెల్లెళ్ళూ, ఎత్తు మడమల చెప్పులు తొడిగి, జుట్టు పైకి ముడివేసి పిల్లని గేటు దాటించకండి. మన ఊళ్ళో బండి ఎక్కించేముందు, కడ్డీ బిగించాక చేత్తో ఒకసారి లాగి చూశారో లేదో గమనించండి. చూడకపోతే అడగండి. మొహమాటపడకండి. గట్టిగా కోప్పడితే కోప్పడనివ్వండి, పిల్ల మనది.

మా మనవరాలు 2022లో ఎత్తు సరిపోయి సైక్లోన్ ఎక్కింది. కింద నిలబడి మా అమ్మాయి ఫోన్‌లో నాకు చూపించింది. టకటకలు వినిపిస్తున్నంతసేపూ ధైర్యంగానే ఉన్నాను. అవి ఆగి బండి కిందికి దూకినప్పుడు మాత్రం వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను.

ఇక సెలవు.