రాజక్క బడి: మల్లు స్వరాజ్యం స్మారకోపన్యాసం



స్వరాజ్యమ్మ పేరెత్తగానే మనకు తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన పిల్ల కనిపిస్తుంది. సర్కారు ఆమె తలకు 10 వేల రూపాయల వెల కట్టిన సంగతి చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. నేను మాత్రం ఇవాళ ఆమెలోని పంతులమ్మ గురించి మాట్లాడతాను. ఏ బడిలోనూ హాజరుపట్టీ పట్టని పంతులమ్మ.

1931లో పాత నల్లగొండ జిల్లా కర్విరాల కొత్తగూడెంలో, భీమిరెడ్డి వారి భూస్వామ్య కుటుంబంలో పుట్టారు. నిజాం రాజ్యంలో సర్కారు చదువు ఉర్దూలో. ఖాన్గీ బడి, అంటే ప్రైవేటు బడి, పెట్టాలంటే ఇజాజత్ (అనుమతి) కావాలి. సభ జరపాలన్నా అంతే, గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు అడ్డం. అలాంటి చోట గ్రంథాలయం తెరవడమే రాజకీయమైంది. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభతో పాటు మహిళా సభ కూడా జరిగింది. ఆ గాలి అన్న నరసింహారెడ్డి వెంట ఇంట్లోకి వచ్చింది. పదేళ్ల పిల్ల గోర్కీ 'అమ్మ' చదివింది, పదకొండేళ్లకు సొంత గాదెలోని వడ్లు వెట్టివాళ్లకు పంచింది. పుస్తకం నుంచి గాదె దాకా ఏడాది నడక.

ఆమె పాఠం చెప్పిన తీరు చూడండి. నాట్లేసే ఆడవాళ్లకు ఉయ్యాల పాట కొత్త కాదు. బాణీ వాళ్లదే. అందులోకి వెట్టిని, దొర దౌర్జన్యాన్ని ఎక్కించారు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు 'ఉయ్యాలో' అని అందుకుంటారు. నాలుగు చరణాలు దాటేసరికి విన్నది నోటికొస్తుంది, నోటికొచ్చింది పక్క ఊరికి పోతుంది. పలకా బలపం లేని చోట ఇంతకు మించిన బోధన నాకు తెలియదు. మన ట్రైనింగు కాలేజీలకు ఇది ఎందుకు తట్టలేదో!

తర్వాత దళం, గోదావరి అడవులు, రాజక్క అనే మారుపేరు. 1951లో సాయుధ పోరాటం ఆగింది. ఆగాక ఆడవాళ్లను వంటింటికి పొమ్మన్నారు. ఆ నొప్పి 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో వాళ్ల నోటనే ఉంది. పార్టీలు ఇప్పటికీ దానికి సరైన జవాబు చెప్పలేదని నా అభిప్రాయం. స్వరాజ్యమ్మ నిలదొక్కుకుని 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లారు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడి వాచకం చదివిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అరవై దాటిన స్వరాజ్యమ్మ ఆ సారా వ్యతిరేక ఉద్యమంలోకి దిగారు. చదివిన పాఠాన్ని తెల్లారేసరికి అమల్లో పెట్టడం ఆమెకు చిన్ననాటి అలవాటే కదా.

2022 మార్చి 19న కన్నుమూశాక ఆమె దేహాన్ని నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీకి అప్పగించారు.

ఇక్కడ పంతుళ్లు చాలామంది ఉన్నారు కనుక ఒక మాట. ఆమె ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా' 2019లో వచ్చింది. ఆమె చెబుతూ పోతే విమల, కాత్యాయని రాసుకున్నారు. తొమ్మిదో తరగతిలో ఓ రెండు పేజీలు పైకి చదివించండి, వెనక బెంచీవాళ్లూ వింటారు.