పాత బెంచి వైసులు: గుర్తింపు, పునరుద్ధరణ

(ప్లాటినం జూబిలీ సందర్భ ప్రసంగ పాఠం)

 

విద్యాలయం డెబ్బయి ఐదేండ్లు నిండించుకున్న వేళ గ్రంథాలను గూర్చి, గురువులను గూర్చి మాట్లాడుకోవడం సంప్రదాయం. నేటి ప్రసంగ విషయం ఒక ఇనుప పనిముట్టు. బల్ల అంచున బిగించి ఉండి, తాను ఏ వస్తువునూ తయారు చేయకుండా, ఇతర పనిముట్లన్నీ పని చేయడానికి ఆధారమై నిలిచే బెంచి వైసు. పూర్వ విద్యార్థులలో హోసూరు కర్మాగారాలలో ఫిట్టర్లుగా, టర్నర్లుగా జీవితం గడిపినవారు ఉన్నందున, వారి ఎదుట ఈ విషయం ఎత్తడం కమ్మరి వీధిలో సూదులమ్మినట్లే కావచ్చు. అయినా ఈ మాట చెప్పక తప్పని కాలం వచ్చింది. పాత వైసులు పాత ఇనుప సామాన్ల కొట్లకు కిలోల లెక్కన వెళ్లిపోతున్నాయి. వాటితో పాటు ఆ పనికి చెందిన నైపుణ్యమూ, ఆ నైపుణ్యానికి చెందిన తెలుగు మాటలూ వెళ్లిపోతున్నాయి.

పట్టులోని శాస్త్రం

వైసుకు రెండు దవడలు. ఒకటి స్థిరం, రెండవది కదిలేది. కదిలే దవడను నడిపేది మర. పిడికడ్డీని మర కేంద్రం నుండి పది అంగుళాల దూరంలో పట్టుకుని ఒక చుట్టు తిప్పితే చేయి సుమారు అరవై మూడు అంగుళాలు ప్రయాణిస్తుంది. ఆ ఒక్క చుట్టుకు దవడ పావు అంగుళం మాత్రమే కదిలితే, బలం లెక్కప్రకారం రెండు వందల యాభై రెట్లు కావాలి. ఇందులో నాలుగింట మూడు వంతులు రాపిడికి ఖర్చయినా అరవై రెట్లు మిగులుతుంది. పదేండ్ల బాలిక చేతి బలం కూడా ఇనుప కడ్డీని కదలకుండా పట్టగలదంటే కారణమిదే.

అంత బలాన్ని హరించిన రాపిడి వృథా చేసిందా? లేదు. చేయి తీసివేసిన తరువాత మర తనంత తాను వదులు కాకుండా కాపలా కాసేది ఆ రాపిడే. భౌతికశాస్త్ర పుస్తకంలో రెండు పుటలు ఆక్రమించే ఈ పాఠాన్ని వైసు ఒక్క చుట్టుతో బోధిస్తుంది.

కొలిమి నుండి కార్ఖానాకు

పల్లె కొలిమిలో దాగలి, సమ్మెట, పట్టుకారు, తిత్తి ఉండేవి. ఎర్రగా కాలిన ఇనుమును పట్టుకారుతో పట్టి దాగలిపై సాగగొట్టేవారు. చల్లని ఇనుమును గంటల తరబడి ఆకురాయితో రుద్ది కొలతకు తేవలసిన పని యంత్రాలతో పాటు అధికమైంది. అందుకు చేతిని మించిన పట్టు కావాలి. కమ్మరి వాడిన కాలు వైసు సాగగొట్టిన ఇనుముతో చేసినది. దాని పొడవైన కాలు నేలపై ఆనుతుంది. దెబ్బ పడినప్పుడు ఆ అదురు బల్లకు గాక భూమికి చేరుతుంది. బెంచి వైసు చాలావరకు పోత ఇనుముతో చేసినది. పోత ఇనుము ఒత్తిడికి ఓర్చుకుంటుంది కాని సమ్మెట దెబ్బకు పగులుతుంది. ఈ భేదం తెలియక బెంచి వైసు దవడపై సమ్మెటతో కొట్టడం వల్లనే పాత వైసులలో అనేకం బీటలు వారాయి.

ఈ ప్రాంతానికి ఇనుముతో సంబంధం నేటిది కాదు. కృష్ణగిరి, ఊత్తంగరై ప్రాంతాలు 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడే వరకు సేలం జిల్లాలోనివి. 2004లో కృష్ణగిరి ప్రత్యేక జిల్లా అయింది. ఆ పాత సేలం జిల్లా ఇనుప ఖనిజాన్ని నమ్ముకుని జోసయా మార్షల్ హీత్ అనే ఆంగ్లేయుడు 1830వ దశకంలో పరంగిపేటలో ఇనుప కార్ఖానా నడిపాడు. తరువాత ఇంగ్లండుకు వెళ్లి, మూసలో కరిగించే ఉక్కుకు మాంగనీసు సమ్మేళనం చేర్చే పద్ధతికి 1839లో పేటెంటు పొందాడు. షెఫీల్డు ఉత్పత్తిదారులు ఆ పద్ధతిని స్వల్ప మార్పుతో అనుసరించి లాభపడ్డారు. హీత్ మాత్రం వ్యాజ్యాలలో కాలం గడిపి 1851లో మరణించాడు. అంతకు ఎంతో ముందే తెలంగాణలోని కోనసముద్రం వంటి గ్రామాలలో కమ్మరులు మూసలలో మేలైన ఉక్కు తీసేవారు. ఆంగ్లంలో వూట్జ్ అనే మాట 'ఉక్కు' నుండి పుట్టిందని పండితుల అభిప్రాయం.

1861లో మద్రాసు రైల్వే మార్గం సేలం చేరింది. జోలార్‌పేట, తిరుపత్తూరు దాటి సామల్పట్టి, మొరప్పూరుల మీదుగా వెళ్లే మార్గమది. రైలు మార్గాలతో పాటు మరమ్మతు కార్ఖానాలు, వాటితో పాటు ఇంగ్లండు వైసులు ఈ దేశానికి చేరాయి. ఉక్కుకు పేరు పెట్టిన దేశానికే ఉక్కు దవడల వైసు ఓడనెక్కి దిగుమతి అయింది. స్వాతంత్ర్యానంతరం జలంధర్, లూధియానా, బటాలా వంటి పంజాబు పట్టణాలు చేతి పనిముట్లకు, పోత సామగ్రికి పేరొందడంతో ఆ లోటు తీరసాగింది.

గుర్తించడం ఎలా?

మొదట వైసు దేహాన్ని చూడాలి. పోతలో ఉబ్బెత్తుగా వచ్చిన అక్షరాలే దాని జాతకం. తుప్పు కింద అవి కనబడకపోతే మెత్తని బ్రష్షుతో తుడిచి, సుద్ద రాసి, పక్క నుండి వెలుతురు పడేట్లు చూడాలి. కాగితం పరచి పెన్సిలుతో రుద్దినా అక్షరాలు తేలతాయి.

'రికార్డ్' అన్న పేరు ఉంటే అది 1898లో హాంప్టన్ సోదరులు షెఫీల్డులో స్థాపించిన సంస్థది. వారి నీలి రంగు ప్రసిద్ధం. వడ్రంగి వైసులలో వారి 52వ సంఖ్యది ఏడు అంగుళాల దవడ గలది, 53వది పదిన్నర అంగుళాలది. 'పార్కిన్‌సన్' అన్న పేరు యార్క్‌షైర్‌లోని షిప్లీ పట్టణానిది. మీట నొక్కగానే మరను వదిలి దవడను ఒక్కసారిగా జరపగల వైసులకు ఆ సంస్థ పేరొందింది. కాలు వైసుపై 'పీటర్ రైట్' అని ఉంటే అది దాగలులకు కూడా ప్రఖ్యాతి గాంచిన డడ్లీ పట్టణపు సంస్థది. అమెరికాలో 1941లో చెక్ దేశీయుడు వోగెల్ చికాగోలో ప్రారంభించిన విల్టన్ సంస్థ, వైసు లోపలి జారుడు కడ్డీ అడుగున తేదీ ముద్రించేది. పాతవాటిపై ఉన్నది హామీ ముగిసే తేదీ. అందులో ఐదేండ్లు తీసివేస్తే తయారైన కాలం తెలుస్తుంది.

పేరు లేని వైసుకు కూడా ఆనవాళ్లుంటాయి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంటే స్వాతంత్ర్యం తరువాతిదని నిశ్చయం. కొలత మిల్లీమీటర్లలో ఉన్న దేశీయ వైసు, 1956 నాటి తూనికలు కొలతల చట్టానికి తరువాతిది కావడానికే అవకాశం ఎక్కువ. అంగుళాలలో ఉన్నంత మాత్రాన ప్రాచీనమని తీర్మానించరాదు. అంగుళం ఇప్పటికీ పనివారి నోటి నుండి పోలేదు.

సేకరించేవారికి ఒక ముఖ్య నియమం ఉంది. సామల్పట్టి పరిసరాలలోని కార్బొనటైట్ శిలలు భూగర్భ శాస్త్రజ్ఞులకు సుపరిచితాలు. వారు ఒక్క రాయిని తీసినా ఎక్కడ, ఏ లోతున, ఏ తేదీన దొరికిందో వెంటనే వ్రాసుకుంటారు. ఆ వ్రాత లేని రాయి వట్టి రాయి. వైసు విషయమూ అంతే. ఎవరి కొలిమిలోనిది, ఏ పనికి వాడారు, ఎన్ని తరాలు వాడారు అన్నది ఆ ఇంటి పెద్దలను అడిగి, వారి మాటలలోనే వ్రాసి ఉంచాలి. ఇనుము మరో వందేండ్లు నిలుస్తుంది. చెప్పగల పెద్దలు అంతకాలం ఉండరు.

పునరుద్ధరణ

తుప్పు పట్టి బిగిసిన వైసును చూడగానే సుత్తి అందుకోవడం కూడదు. మరకూ కీళ్లకూ కిరోసిన్ గాని పలుచని నూనె గాని పట్టించి కొన్ని రోజులు ఓపిక పట్టాలి. రోజుకొకసారి పిడిని ఇటూ అటూ కొద్దిగా కదిలిస్తే చాలు. విప్పే ముందు బొమ్మ గీసుకోవాలి, విప్పిన ప్రతి భాగానికి చీటీ కట్టాలి.

తుప్పు తీయడానికి విద్యార్థులకు ఉపయోగపడే పద్ధతి విద్యుద్విశ్లేషణ. ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి లీటరుకు ఒక చెంచా చొప్పున చాకలి సోడా కలపాలి. పన్నెండు వోల్టుల బ్యాటరీ చార్జరు ఋణ తీగను వైసు భాగానికి, ధన తీగను పనికిరాని ఇనుప రేకుకు తగిలించాలి. రెండూ ఒకదానికొకటి తాకరాదు. స్టెయిన్‌లెస్ స్టీలును ధన వైపు వాడితే విషపూరితమైన క్రోమియం లవణాలు నీటిలో చేరతాయి గనుక అది నిషిద్ధం. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది గనుక ఆరుబయటనే, నిప్పుకు దూరంగా, ఉపాధ్యాయుల సమక్షంలోనే చేయాలి. భాగాలను తాకే ముందు విద్యుత్తు ఆపాలి. పాత రంగులలో సీసం ఉండవచ్చు గనుక వాటిని పొడిగా గీకి దుమ్ము లేపకూడదు.

శుభ్రమైన ఇనుమును కడిగి, ఎండలో ఆరబెట్టి, వెంటనే నూనె పూయాలి. ఆలస్యమైతే గంటలలో మళ్లీ తుప్పు మొలుస్తుంది. దేహానికి రెడ్ ఆక్సైడు, దానిపై ఎనామిల్ రంగు వేయవచ్చు. మరకు, దవడ ముఖాలకు, జారే తలాలకు రంగు తగలరాదు. అక్కడ గ్రీజు చాలు.

అన్నిటికంటె ముఖ్యం, ఎక్కడ ఆగాలో తెలియడం. మెరుపు కోసం సానపట్టి తయారీదారు పేరు చెరిపివేస్తే అది పునరుద్ధరణ అనిపించుకోదు. దవడ పలకలు అరిగి పట్టు తప్పితే కొత్తవి వేసి, పాతవి పక్కన భద్రపరచాలి. ఏండ్ల తరబడి అరచేతులు నునుపు చేసిన పిడిని మార్చకూడదు. పోత ఇనుము బీటలు వారితే దానికి అతుకు పెట్టడం నిపుణుల పని. అటువంటి వైసును ప్రదర్శనకు ఉంచడమే మేలు. దానితో పని చేయించరాదు.

పాఠశాల చేయదగినది

1937లో వార్ధా విద్యా సదస్సులో గాంధీజీ చేతి పనిని విద్యకు కేంద్రం చేయాలని ప్రతిపాదించారు. ఆ ఆశయం పాఠ్యప్రణాళికలలో క్రమంగా అంచుకు జరిగింది. మార్కుల పరుగులో ఆకురాయి పట్టని చేతులే ఇంజనీరింగ్ కళాశాలలలో ప్రవేశిస్తున్నాయి. తల్లిదండ్రులు ఇందుకు నిందార్హులు కారు. కొలిమి పొగలో తాము పడిన శ్రమ పిల్లలకు రాకూడదని కోరుకోవడం సహజం. అయితే శ్రమ తగ్గాలని కోరడం వేరు, శ్రమను చిన్నచూపు చూడడం వేరు.

ఆయుధ పూజనాడు ప్రతి వైసుకూ పసుపు కుంకుమలు దక్కుతాయి. మిగిలిన సంవత్సరమంతా దానికి తుప్పే దక్కితే ఆ పూజకు అర్థమేమి?

కావున పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ఇంటి వెనుక, మూతబడిన కొలిమిలో, పాత షెడ్డులో వైసు ఉంటే తూకానికి వేయకముందు ఒకసారి ఆలోచించండి. ఒక్కొక్కటి పది పదిహేను కిలోల ఇనుముగా కొట్టువారికి కనబడుతుంది. విద్యార్థులకు అది భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, చరిత్ర, భాష కలిసిన పాఠం. అనుభవజ్ఞులైన ఫిట్టర్లు నెలకొక శనివారం వచ్చి బాలురకూ బాలికలకూ సమానంగా ఆ పని నేర్పితే, దవడ, మర, పిడి, ఆకురాయి, దాగలి అన్న మాటలు నిఘంటువులో కాక పిల్లల నాలుకపై నిలుస్తాయి. తమిళనాట తెలుగు చదువుకునే పిల్లలకు ఇది చిన్న లాభం కాదు. వస్తువు చేతిలో ఉన్నంతకాలం దాని పేరు మరుగున పడదు.

వైసు గొప్పదనం దాని పట్టులో ఉంది. వస్తువును నలగ్గొట్టకుండా, జారనీయకుండా, పనిమంతుని రెండు చేతులకూ స్వేచ్ఛనిస్తూ పట్టి ఉంచడమే దాని ధర్మం. డెబ్బయి ఐదేండ్లుగా ఈ విద్యాలయం పిల్లల పట్ల నిర్వహించిన ధర్మమూ అదే. ఆ పట్టు సడలకుండుగాక.

స్వస్తి.