ఒకే బాట – మూడు వేగములు



ఇంటిలో మోటారు సైకిలు నడుపు కుర్రవాడు ఒకడున్న చాలును, ఆ యింటి పెద్దలకు చింత తప్పదు. రాత్రి తొమ్మిది దాటినను వాడు రాకున్నచో తల్లి చెవి వీధివైపే ఉండును. అట్టి కుర్రవాడు ఒకనాడు వచ్చి, "నాన్నగారూ, ఆదివారం చెన్నై వెళ్తున్నాను, ట్రాక్ డే ఉంది" అని చెప్పినచో, "వీడు పందెములలోనికి దిగినాడు గదా" యని తండ్రి గుండె పట్టుకొనును. నేడు నేను చెప్పదలచినది ఆ తండ్రికిని ఆ కొడుకునకును గూడ పనికివచ్చు సంగతి.

ట్రాక్ డే యనగా పందెము కాదు. పందెములకై కట్టిన బాటపై, రుసుము చెల్లించి, ఎవరి మోటారు సైకిలును వారు నడుపుకొను దినము. బహుమానములు లేవు, మొదటివాడు, కడపటివాడు అను లెక్క లేదు. అచట ఎదురు వచ్చు లారీ ఉండదు, అడ్డము వచ్చు గేదె ఉండదు. బాట ప్రక్కన మార్షలులు జెండాలతో నిలిచియుందురు. అంబులెన్సు సిద్ధముగా నుండును. తోలు దుస్తులు, చేతొడుగులు, ఎత్తైన బూట్లు, హెల్మెటు లేనివారిని లోనికి రానీయరు. వేగము మీద మోజున్నవానికి ఆ మోజు తీర్చుకొనుటకు నడిరోడ్డుకంటె ఇది ఎంతయో మేలైన చోటు.

మన దేశమున ఈ క్రీడకు పాత నెలవులలో మదరాసు ఒకటి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో ఏర్పడినది. నెల్లూరు నుండి మదరాసు పోవు దారిలో షోళవరమను ఊరికడ పాత విమానాల రన్‌వే ఒకటి కలదు. చాలకాలము పందెములు దానిమీదనే జరిగినవి. తరువాత 1990లో శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వతమైన బాట వెలసినది. దాని చుట్టు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. కోయంబత్తూరు చెంత కరి మోటార్ స్పీడ్‌వే కలదు. ఢిల్లీ చెంత గ్రేటర్ నోయిడాలో 2011లో తెరచిన బుద్ధ సర్క్యూటు చుట్టు 5.125 కిలోమీటర్లు. మన తెలుగు యువకులకు, ఇటీవల యువతులకు గూడ, వీనిలో చెన్నై బాటయే దగ్గర.

ఇక అసలు విషయమునకు వత్తును. ట్రాక్ డేకు వచ్చినవారందరు ఒకే తీరువారు కారు. ఏండ్లతరబడి పందెములలో పాల్గొన్నవాడు ఒకడు. నిన్ననే తోలు దుస్తులు కొన్నవాడు మరియొకడు. ఒకని బండి రెండువందల గుఱ్ఱముల శక్తి కలది; మరియొకనిది అందు ఆరవ పాలు. వీరందరిని ఒక్కసారిగా బాటపై విడిచినచో ఏమగునో ఊహింపవచ్చును. అందుచేతనే నిర్వాహకులు వారిని జట్టులుగా విడదీయుదురు. క్రొత్తవారు, నడిమివారు, వడివారు అని సాధారణముగా మూడు జట్టులు. అమెరికాలో పలుచోట్ల వీనినే సి, బి, ఎ అక్షరములతో పిలుతురు. గంటను మూడు భాగములు చేసి, ఒక్కొక్క జట్టునకు ఇరువది నిమిషములు ఇచ్చుట వాడుక.

జట్టును బట్టి దాటిపోవు నియమములును మారును. క్రొత్తవారి జట్టులో తిన్నని బాటమీద మాత్రమే ముందువానిని దాటవచ్చును. నడుమ కొన్ని అడుగుల ఎడము విడువవలెను. నడిమి జట్టులో పలుచోట్ల మలుపులందు గూడ వెలుపలి ప్రక్కనుండి దాటనిత్తురు. వడివారి జట్టులో ఈ కట్టుబాట్లు మిక్కిలి సడలును. అన్ని జట్టులకును మూలసూత్రము మాత్రము ఒక్కటియే: దాటువానిదే బాధ్యత. ముందున్నవాడు వెనుకకు చూడనక్కర లేదు. తన దారిని తాను తప్పకున్న చాలును. ఈ సూత్రమునకు గుర్తుగా బండికున్న అద్దములను ఊడదీయింతురు, లేదా వానికి టేపు అంటింతురు. మన వీధులలో హారనుతోనే అన్ని పనులును జరుగును గదా! అచట హారను లేదు, అద్దము లేదు; ముందువాని దారి మీద వెనుకవానికి గల నమ్మకము ఒక్కటే కలదు.

ఈ విభజన యెందులకు? వేగము వలన కలుగు అపాయమును మనమందరము ఎరుగుదుము. కాని బాటపై అంతకంటె పెద్ద అపాయము వేగముల నడిమి వ్యత్యాసము. అందరును నూఱు కిలోమీటర్ల వేగముతో పోవుచున్నచో, ఒకని దృష్టిలో మరియొకడు దాదాపు కదలక నిలిచియున్నట్లే. ఒకడు నూటయిరువది, మరియొకడు ఎనుబది అయినప్పుడే చిక్కు.

చిన్న లెక్క చూతము. ఒకడు బాటను రెండు నిమిషములలో చుట్టివచ్చును. మరియొకడు రెండు నిమిషముల ఇరువది సెకన్లలో చుట్టివచ్చును. వినుటకు ఇరువది సెకన్లు స్వల్పమే. కాని పదునాలుగు నిమిషములు గడచునప్పటికి మొదటివాడు ఏడు చుట్లు తిరిగియుండును; రెండవవాడు ఆరు. అనగా ఒక చుట్టు పూర్తిగా ముందుకు వచ్చి, మరల వాని వెన్నంటియే చేరును. జట్టులో ఇట్టి వడివారు పదిమంది యున్నచో, ఆ నెమ్మదివానిని ఇరువది నిమిషములలో కనీసము పదిసార్లు దాటిపోవుదురు. ఫార్ములా వన్ కారు పందెములలో, అర్హత పరీక్షయందు మొదటి దశలో అందరికంటె వడిగా చుట్టినవాని కాలమునకు 107 శాతము మించినవానిని సాధారణముగా పందెమునకు అనుమతింపరు. ప్రపంచమున ఆరితేరినవారి నడుమనే ఏడు పాళ్లకు మించిన తేడా తగదని కట్టడి. మన లెక్కలోని ఇద్దరి నడుమ తేడా సుమారు పదునేడు పాళ్లు!

మలుపులో ఇది యింకను తీవ్రము. మలుపున మోటారు సైకిలు లోపలికి వాలి పోవలెను. ఎంత వాలిన అంత వేగము చెల్లును. అరువదినాలుగు మీటర్ల వ్యాసార్థము గల మలుపున నలుబదియైదు డిగ్రీలు వాలగలవాడు గంటకు సుమారు 90 కిలోమీటర్ల వేగముతో పోగలడు. ముప్పది డిగ్రీలకే మనసు తడబడువానికి అదే మలుపున సుమారు 68 కిలోమీటర్లే చెల్లును. ఇరువురి నడుమ తేడా సెకనుకు ఆరు మీటర్లు. పన్నెండు మీటర్ల ఎడము రెండు సెకన్లలో హరించును. వాలియున్న బండికి గట్టిగా బ్రేకు వేయరాదు, వేసినచో జారిపడును. కావున వెనుకవానికి ఆ రెండు సెకన్లలో దొరకు ఉపాయములు మిక్కిలి తక్కువ.

ఇచట ఒక విచిత్రము కలదు. పెద్ద బండి కలవాడు తిన్నని బాటమీద మెరపువలె పోవును. మలుపు రాగానే చతికిలపడును. చిన్న బండి కలవాడు మలుపులో వానిని పట్టుకొనును. తిన్నని బాట రాగానే మరల వెనుకబడును. "ముందువాడు దారి ఇయ్యడు" అని చిన్న బండివాని ఫిర్యాదు. "వెనుకవాడు వీపుమీద ఎక్కుచున్నాడు" అని పెద్ద బండివాని ఫిర్యాదు. ఇద్దరును ఒకే కాలములో చుట్టు ముగింతురు. ఐనను ఒకరికొకరు అడ్డమే. యంత్రబలము కొనుటకు దొరకును. మలుపున వాలు నేర్పు అంగడిలో దొరకదు.

కీత్ కోడ్ అను శిక్షకుడు 1980లో అమెరికాలో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూలును స్థాపించెను. 1983లో వెలువడిన తన గ్రంథమున ఆయన మనిషి అవధానమును పది డాలర్ల ధనముతో పోల్చెను. మనము రూపాయలలో చెప్పుకొందము. ప్రతివాని జేబులోను పదిరూపాయల అవధానమే కలదు. క్రొత్తవాడు బ్రేకునకే అయిదు రూపాయలు, గేరునకు రెండు, భయమునకు మిగిలిన మూడును వ్యయపరచును. నేర్పరికి ఆ పనులన్నియు రూపాయిలో ముగియును. తొమ్మిది రూపాయలు చేతిలో మిగులును. జేబు ఖాళీ యైన క్రొత్తవాని ప్రక్కనుండి మరియొక బండి గర్జించుచు పోయినచో, వాడు దానికి చెల్లించుట కేమియు లేదు. ఉలికిపడును, చూపు తప్పును. మోటారు సైకిలు చూపు వెంట పోవు వాహనము; చూపు తప్పిన దారియు తప్పును.

మరి, ఎవడు ఏ జట్టులో చేరవలెనో తేల్చువారెవరు? పలుచోట్ల దరఖాస్తులో మనమే వ్రాసికొందుము. చిక్కంతయు అచటనే. 1981లో ఓలా స్వెన్సన్ అను స్వీడను దేశపు పరిశోధకుడు కారు నడుపువారిని వారి నేర్పును గూర్చి అడిగెను. అమెరికనులలో నూటికి 93 మంది, స్వీడను వారిలో నూటికి 69 మంది తాము పై సగములోనివారమనిరి. పై సగములో ఏబదిమందికి మించి పట్టరు గదా! మనలను అడిగినను ఇంతకంటె వినయముగా చెప్పుదుమని నేననుకొనను.

ఈ మాట పుస్తకమును చూచి మాత్రమే చెప్పుటలేదు. కొన్ని యేండ్ల క్రిందట నేనును ఒక ట్రాక్ డేకు పోయితిని. అప్పటికి ముప్పది యేండ్లుగా మోటారు సైకిలు నడుపుచుంటిని, బండియు పెద్దది. దరఖాస్తులో "క్రొత్తవాడు" అని వ్రాయుటకు చేయి రాలేదు. "నడిమి జట్టు" అని వ్రాసితిని. ఉదయము ఫలహారము వేళ ఒక నెల్లూరు కుర్రవాడు తెలుగు విని పలుకరించెను. వానిది చిన్న బండి. "ముందు వచ్చిన చెవులకంటె వెనుక వచ్చిన కొమ్ములు వాడి" యను సామెత ఆనాడు నాకు తోచలేదు.

రెండవ విడతలో తిన్నని బాటపై ఇంజను బలముతో అయిదారుగురిని దాటితిని. మలుపులలో వారందరును నా వెనుక పోగుపడుచుండిరట. అద్దము లేదు గాన నేనెరుగను. ఆ కుర్రవాడు మూడు చుట్లు ఓపిక పట్టి, నాలుగవ చుట్టులో నియమము ప్రకారమే వెలుపలినుండి దాటబోయెను. ఆ చప్పుడునకు నేను ఉలికిపడి తల త్రిప్పి చూచితిని. చూచిన వైపే నా బండియు జరిగెను. వానికి చోటు చాలలేదు. కంకరలోనికి పోయి పడెను. పసుపు జెండా, వెంటనే ఎర్ర జెండా లేచినవి. అందరము నెమ్మదిగా పిట్టునకు మరలితిమి. వానికి మెడకును భుజమునకును నడుమనుండు ఎముక విరిగెను.

దాటువానిదే బాధ్యత యని సూత్రము. నిర్వాహకులు దాని ప్రకారము తప్పు వానిదే యనిరి. నేను దారి తప్పితినని నేను తప్ప చెప్పగలవారు లేరని తలచితిని. సిగ్గు విడిచి చెప్పుచున్నాను: ఒక గంటసేపు నోరు విప్పలేదు. పిమ్మట పోయి నిర్వాహకులతో నిజము చెప్పి, వాని యొద్దకు వెళ్లితిని. చేతికి కట్టుతో కూర్చుండియున్నాడు. చెప్పితిని.

"తెలుసు బాబాయిగారూ," అన్నాడు వాడు. "మీ తల తిరగడం చూశాను. మీరొచ్చి చెప్తారా, లేదా అనే చూస్తున్నాను."

కొంతసేపటికి మరల అన్నాడు: "ఇంతకూ మిమ్మల్ని ఈ గ్రూపులో ఎవరు వేశారండీ?"

నేనే వ్రాసికొంటినని చెప్పుటకు చాల కష్టమైనది.

మధ్యాహ్నము క్రొత్తవారి జట్టులో చేరితిని. శిక్షకుడు ముందుపోవుచుండగా వాని వెనుక నడిపితిని. ఏ గీతకడ బ్రేకు వేయవలెను, ఎచటికి చూపు సారింపవలెను అని ముప్పది యేండ్లలో తెలియనివి కొన్ని ఆ పూట తెలిసినవి. సాయంకాలమునకు ఉదయముకంటె వడిగానే తిరుగుచుంటినని గడియారము చెప్పెను.

కావున ట్రాక్ డేకు పోవువారికి నా మనవి. జట్టును బండి బలమును బట్టి గాక, చుట్టివచ్చు కాలమును బట్టి ఎంచుకొనుడు. సందేహమున్నచో క్రింది జట్టులో చేరుడు. పైకి పంపుట నిర్వాహకులకు సులువు, క్రిందికి దింపుటయే కష్టము. నెమ్మదిగా పోవుట తప్పు కాదు. దారి తప్పుటయే తప్పు. వడివారికి గూడ ఒక మాట. మీ ముందున్నవాని జేబులో ఎన్ని రూపాయలు మిగిలియున్నవో మీకు తెలియదు. మూడు అడుగులు చాలునని తోచినచోట ఆరు అడుగులు విడువుడు. ఒక చుట్టు ఆగినను పోవునదేమియు లేదు. అచట బహుమానము లేదు గదా!

ఇంటిపెద్దలకు తుదిమాట. కుర్రవాడు బాటకు పోదునన్నచో వెంటనే వలదనకుడు. నడిరోడ్డుపై పందెము వేయుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను క్రింద నేరము. అచట మార్షలు లేడు, జెండా లేదు, జట్టులు లేవు. లారీయు, సైకిలుపై పాలవాడును, బడికిపోవు బిడ్డయు ఒకే బాటపై ఉందురు. వాడు బాటకే పోవునని తెలిసినప్పుడు, "జాగ్రత్త నాయనా" అని ఊరకొనక, "దరఖాస్తులో ఏ జట్టు అని వ్రాసినావు?" అని యొక్క ప్రశ్న అడుగుడు. బదులు చెప్పుటకు ముందు వాడు కొంచెము తడబడినచో, ఆ దరఖాస్తును మరియొకసారి వ్రాయింపుడు.