సంరక్షకుల గడి
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని గావించిన ప్రసంగ పాఠము)



పాఠశాల చరిత్రను గూర్చి, దాతలను గూర్చి, పరీక్షా ఫలితములను గూర్చి నాకు ముందు మాట్లాడిన పెద్దలు విపులముగా చెప్పియున్నారు. నేను వానిని మరల చెప్పను. మన కార్యాలయపు బీరువాలో అట్టలూడిన పుస్తకమొకటి ఉన్నది. అది మన మొదటి ప్రవేశ రిజిష్టరు. దాని మూలమున మా ఇంట తెలియవచ్చిన ఒక సంగతిని మీకు విన్నవించెదను.

మా అత్తగారు ఈ పాఠశాల తొలి విద్యార్థినులలో ఒకరు. 2014లో కీర్తిశేషులైనారు. ఆమె చిన్నతనమున అనాథాశ్రమంలో ఉండేవారన్నది ఇంటిల్లిపాదికీ తెలుసును. అంతకు మించి ఎవరికీ తెలియదు. అడిగితే "అన్నం పెట్టారు, చదువు చెప్పించారు, ఇంకేం కావాలమ్మా" అని లేచిపోయేవారు. "జపాను బాంబుల ఏడు రంగం నుంచి వచ్చాం" అన్న మాట మాత్రం రెండు మూడు పర్యాయములు ఆమె నోట విన్నాము. మరుసటి ఏడు, 2015 జూలైలో, గోదావరి పుష్కరాలకు రాజమహేంద్రవరం వెళ్ళినప్పుడు మావారు పిండప్రదానానికి కూర్చున్నారు. పురోహితులవారు మాతామహుల పేర్లు అడిగారు. మావారి వద్ద సమాధానము లేకపోయినది. అట్టివారు అనేకులు వచ్చెదరు కాబోలు, ఆ పెద్దమనిషి తడుముకొనకుండ వేరొక మాట చెప్పించి ముందుకు సాగినారు. కాని మా పెద్ద ఆడపడుచు ఆ రాత్రి భోజనము చేయలేదు. వెదకుట అక్కడినుండి మొదలైనది.

బరంపురంలో రంగము మాట తెలియని తెలుగు ఇల్లు అరుదు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి వేలకొలది మన వారు గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవులలో స్టీమరెక్కి రంగూనుకు కూలికి పోయినారు. రేవులో మూటలు మోయుట, బియ్యపు మిల్లులలో పని, రిక్షా లాగుట వారి జీవనము. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 మార్చి 8న ఆ నగరము వారి వశమైనది. ఓడ టిక్కెట్టు దొరకినవారు కలకత్తాకో మద్రాసుకో విశాఖకో చేరినారు. దొరకనివారు టాంగుప్ కనుమ మీదుగా అక్యాబుకు, లేదా టాము మీదుగా మణిపురానికి నడచినారు. ఆ విధముగా దేశము విడిచినవారు నాలుగైదు లక్షలని చరిత్రకారుల అంచనా. దారిలో కలరా, మలేరియా, ఆకలి ఎన్ని కుటుంబములను చెదరగొట్టినవో చెప్పనలవి కాదు. ఆ ఏడే ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద కూడ బాంబులు పడినవి. కనుక "జపాను బాంబుల ఏడు" అన్నప్పుడు మనవారు ఏ బాంబును తలచుచున్నారో విచారించి చూడవలెను.

మన రిజిష్టరులో అత్తగారి పేరు 1951 జూలైలో, ఆరవ తరగతిలో ఉన్నది. పుట్టిన తేదీ 1-7-1938. ఆ పుటలోనే అదే తేదీ మరి పలువురికి ఉన్నది. అది నాటి ఉపాధ్యాయులు ప్రసాదించిన పుట్టినరోజు! తండ్రి పేరు గడిలో ఒక పేరు, దాని ముందు "కీ.శే.". సంరక్షకుల గడిలో మాత్రము మనిషి పేరు లేదు. పట్టణములోని ఒక బాలికల ఆశ్రమము పేరు, మేట్రను సంతకము ఉన్నవి. తాత పేరు మా ఇంటివారికి అట్లు, నేను ప్రతిదినము తాళము వేసి తీసెడి బీరువాలోనే దొరకినది.

ఆ ఆశ్రమము మూతబడి చాలకాలమైనది. మొదట విచారించిన ఒక కార్యాలయము వారు పాత పుస్తకములు చెదలు తినివేసినవని ఒక్క వాక్యములో జవాబు వ్రాసినారు. ఇట్టి జవాబు వచ్చినప్పుడు నిరాశ చెందక, ఆశ్రమమును నడిపిన యాజమాన్యము ఎవరిదో, వారి ఇతర సంస్థలు ఎక్కడెక్కడ ఉన్నవో విచారించవలెను. మూతబడిన ఇంటి కాగితములు పెద్ద కార్యాలయమునకు చేరుట వాడుక. మాకు అట్లే దొరకినవి. దయగల ఒక వృద్ధ గుమాస్తా మూడు వారములు వెదకి, 1942 నాటి చేరిక పుస్తకమును బయటకు తీసినారు.

అందు ఆంగ్లములో ఇట్లున్నది. వయస్సు సుమారు నాలుగు. బర్మా నుండి కాలినడకన వచ్చిన కుటుంబము. తండ్రి దారిలో కలరాతో మరణించెను. తీసికొని వచ్చినది: తల్లి. ఆమె వేలిముద్ర. ఆమె పేరు, ఇచ్ఛాపురం వద్ద ఆమె గ్రామము పేరు. బియ్యపు మిల్లులో కూలి. బిడ్డను పనిలోనికి రానీయరు. చూచుటకు వేరెవరును లేరు.

తల్లి ఉన్నది! అనాథ అనుకొన్న మనిషికి తల్లి ఉన్నది. ఆనాటి ఆశ్రమములలో అనేకమంది పిల్లలకు తల్లియో తండ్రియో ఉండినారని, పేదరికము వలననే వారు అక్కడ చేరినారని చదివితిని గాని, ఇంటి మనిషి విషయమున చదువుట వేరు. ఆ పుస్తకపు చివరి పుటలలో ఆదివారపు సందర్శకుల లెక్క ఉన్నది. ఆ తల్లి వేలిముద్ర నాలుగేండ్లపాటు, నెలకు ఒకటి చొప్పున, వర్షాకాలములో తప్ప, ఉన్నది. 1946 తరువాత లేదు. పుటకు గుచ్చియున్న ఒక కార్డులో ఆ గ్రామ మునసబు ఆమె మరణవార్త తెలియజేసినాడు. ఆ సంగతి ఎనిమిదేండ్ల పిల్లకు ఎవరైనను చెప్పినారా లేదా అన్నది ఆ పుస్తకములో వ్రాయబడలేదు. వచ్చుచుండిన తల్లి రాకుండ మానివేసినదని మాత్రమే ఆమె ఎరుగుదురేమో. మా ఆడపడుచు ఆ కార్డును చేతిలో పట్టుకొని, "అమ్మ జీవితమంతా వాళ్ళమ్మ మీద కోపంతో ఉందా?" అని నన్ను అడిగినది. నేనేమి చెప్పగలను?

ఆ గ్రామమును వెదకుటలో ఒక చిక్కు వచ్చినది. ఇది సరిహద్దు ప్రాంతపు మనవారందరికీ వచ్చెడిదే. 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రము ఏర్పడువరకు ఇచ్ఛాపురం గంజాం జిల్లాలోనిది. ఆ పిమ్మట విశాఖపట్నం జిల్లాలో చేరినది. 1950లో శ్రీకాకుళం జిల్లాలోనికి వచ్చినది. గ్రామము కదలలేదు, కాగితములు మూడు చోట్లకు కదలినవి. 1936కు ముందటి గంజాం కాగితములకు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్సునకు, తరువాతి వానికి భువనేశ్వరమునకు పోవలెను. బర్మా కాందిశీకుల ఫైళ్లకు ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్సులో వెదకవలెను. పేర్ల విషయమున ఇంకొక జాగ్రత్త. రంగూనులో తెల్లదొర విన్నట్లు వ్రాసినది, ఇక్కడ ఒడియా గుమాస్తా పలికినట్లు వ్రాసినది, మన ఇంటిలో పిలిచినది ఒకటి కావు. ద్విత్వములు పోవును, ఇంటిపేరు రాలిపోవును. ఒక్క రూపము పట్టుకొని వెదకిన దొరకదు. పెద్దగా పలుకుచు వెదకవలెను. మీ ఇంటివారు 1942లో వచ్చిరో, బర్మా ప్రభుత్వము వర్తకమును జాతీయము చేసిన పిదప 1964 ప్రాంతమున వచ్చిరో కూడ ముందుగా తేల్చుకొనవలెను.

గ్రామములో ఇప్పుడు ఆ ఇంటిపేరువారు రెండిండ్లవారున్నారు. "రంగమోళ్ళ దిబ్బ" అని ఒక ఖాళీ స్థలమును చూపినారు. మావారు అక్కడ చాలసేపు నిలుచున్నారు. ఆ సంవత్సరము నుండి మా ఇంట తద్దినమునకు ఇద్దరి పేర్లును చెప్పుచున్నారు.

ఇది విని మీలో కొందరు మన రిజిష్టరును చూడగోరుదురని ఎరుగుదును. జూబిలీ ప్రదర్శనలో దానిని పెట్టుదమని కమిటీవారు కోరగా నేను అంగీకరించలేదు. సంరక్షకుల గడిలో ఆశ్రమము పేరున్న పిల్లలు ఒక్కరు కారు. వారిలో జీవించియున్నవారు కలరు. తమ పిల్లలకు చెప్పనివారును కలరు. మా అత్తగారికి తన మాట తన వద్దనే ఉంచుకొను హక్కు ఉండెను. ఆమె పోయిన పిదప మేము తెరచితిమి. జీవించియున్నవారి విషయమున ఆ స్వేచ్ఛ మనకు లేదు. ఈ కాలపు దత్తత నిబంధనలు సహితము, తన మూలమును తెలిసికొనగోరు అవకాశమును దత్తు వచ్చిన బిడ్డకే ఇచ్చుచున్నవి గాని ఇరుగుపొరుగునకు ఇచ్చుట లేదు.

కావున ఇట్లు ఏర్పాటు చేసితిమి. మొదటి మూడు రిజిష్టర్లకు అట్టలు కట్టించి, నకలు తీయించి ఉంచినాము. తమ పుటను చూడగోరు పూర్వ విద్యార్థులు, లేదా కీర్తిశేషులైనవారి కన్నబిడ్డలు, శనివారము బడి విడిచిన పిమ్మట నా గదికి రావచ్చును. వచ్చునప్పుడు ఇంటిలో పెద్దలు పిలిచిన పేర్లన్నియు ఒక కాగితము మీద వ్రాసి తీసికొని రండి. ఆ ఆశ్రమపు పిల్లలతో ఒక బల్లమీద కూర్చుని చదివిన పూర్వ విద్యార్థులు ఈ సభలోనే ఉన్నారు. పుస్తకములలో లేని సంగతులు మీకు తెలుసును. ఆ పిల్లలను పేరుపెట్టి అడుగవలదు. వారి బిడ్డలెవరైనను మీ గుమ్మము త్రొక్కినప్పుడు మాత్రము కాదనక కూర్చుండబెట్టి చెప్పుడు.