పాట ఇచ్చిన సెలవు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఈ రోజు మనకు పండుగ రోజైంది. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదని ఆ తీర్పు మనకు ధైర్యమిచ్చింది. కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం ఇష్టమైన విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ఏడుపు గురించి మాట్లాడతాను. అందులోనూ మగవాళ్ళ ఏడుపు గురించి. దయచేసి నవ్వకండి.

నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదని మనకొక సామెత ఉంది. ఈ సామెత పుట్టించిన వాడెవడో గానీ, ఇద్దరికీ అన్యాయం చేశాడు. మా పెద్దవంగరకు దగ్గరలోనే బమ్మెర ఉంది. ఆ ఊరి పోతన గారి గజేంద్రుడు ఎంత బలవంతుడు! అంతటి వాడు కూడా చివరకు తన వల్ల కాదని నోరు విడిచి మొరపెట్టుకున్నాడు. మా చిన్నతనంలో ఆ పద్యాలు చదువుతూ మా తాత కండువాతో కళ్ళు తుడుచుకునేవాడు. భక్తితో అనుకునేవాళ్ళం. ఆ కన్నీళ్ళలో ఎంత భక్తి ఉందో, ఎంత బాకీ ఉందో, ఎంత బిడ్డల బెంగ ఉందో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. తన కోసం తాను ఏడ్వలేని మనిషికి పాట ఒక సెలవు చీటీ రాసిస్తుంది. ఏనుగు కోసం ఏడుస్తున్నానని చెప్పుకోవచ్చు. ఎవరూ సంజాయిషీ అడగరు.

ఇది మన దగ్గరే ఉన్న సంగతి కాదు. హైదరాబాదులో జపాను కంపెనీలో పనిచేసే మా మనుమడు ఒకనాడు నాకు కొన్ని పాటలు వినిపించాడు. వాటిని 'ఎంకా' పాటలంటారట. మన నండూరి వారి ఎంకి కాదు సుమా! తల్లి, వదిలి వచ్చిన పల్లె, ఓడరేవు, విడిపోయిన మనిషి, ఒంటరిగా తాగే మద్యం, ఇవే ఆ పాటల్లోని విషయాలు. యుద్ధం తర్వాత పొట్టకూటి కోసం పల్లెలు వదిలి పట్నాలకు చేరిన జనం వాటిని గుండెకు హత్తుకున్నారు. మిసోరా హిబారి అనే గొప్ప గాయని (1937-1989) 1966లో పాడిన ఒక దుఃఖపు పాటను సభల్లో పాడినప్పుడు ఆమెకే కన్నీళ్ళు వచ్చేవట. అంతేకాదు, 2013 ప్రాంతం నుండి ఆ దేశంలో కొందరు పనిగట్టుకుని ఒకచోట చేరి, దుఃఖపు కథలు, చిత్రాలు చూసి ఏడ్చే సమావేశాలు కూడా పెట్టుకుంటున్నారు. విని నేను నవ్వాను. మా మనుమడు, "తాతా, నువ్వు బలగం చూసి ఏడ్వలేదా?" అన్నాడు. నా నోరు మూతపడింది.

ఆ సంగతి చెప్పాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి.

నేను 33 సంవత్సరాలు గుమాస్తాగిరీ చేశాను. ఇన్‌వార్డు రిజిస్టరులో ఎక్కని కాగితం మా దృష్టిలో కాగితమే కాదు. నా దుఃఖాన్ని కూడా అలాగే, నంబరు వేయకుండా బీరువాలో పెట్టాను. 1984లో మా నాయన పోయాడు. పెద్దకొడుకుని కనుక కట్టెలు, బియ్యం, చుట్టాలు, లెక్కలు అన్నీ నేనే చూసుకున్నాను. చుక్క కన్నీరు రాలేదు. "ఎంత గట్టోడు!" అని నలుగురూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

పదకొండో రోజున బుడగ జంగాల దంపతులు వాకిట్లోకి వచ్చి తంబుర సవరించుకున్నారు. మన వైపు ఆచారం మీకు తెలిసిందే. పోయిన మనిషి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఎంతమంది బిడ్డలు, ఏమేం కష్టపడ్డాడు అన్నీ అడిగి తెలుసుకుని, వాటిని పాటలో కలిపి పాడతారు. ఒకరు కథ నడుపుతుంటే ఒకరు వంత పాడతారు. ఇంటివాళ్ళను పేరుపేరునా ఆ పాటలోకి పిలుస్తారు. నాలుగు అక్షరాలు చదువుకున్న గర్వంతో నేను వాళ్ళ చేతిలో కొంత బియ్యం, డబ్బులు పెట్టి, "టైం లేదు, పోండి" అన్నాను. మా తమ్ముడు పక్కన నిలబడి, "అన్నా, పాడనియ్యరాదె" అన్నాడు. నేను వినలేదు.

2008లో రిటైరయ్యాను. వచ్చిన గ్రాట్యుటీ డబ్బుతో ఇల్లు పెంచుకున్నాను. గోడ ఒక అడుగు తమ్ముడి వైపు జరిగిందని తగాదా వచ్చింది. ఒక అడుగు! పదకొండేళ్ళు మాటలు లేవు. 2019లో తమ్ముడు పోయాడు. పరాయివాడిలా వెళ్ళి, నిలబడి, తిరిగి వచ్చాను. అప్పుడూ కన్నీరు రాలేదు.

2023 మార్చి 3న 'బలగం' సినిమా విడుదలైంది. వేణు యెల్దండి దాని దర్శకుడు. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిండం పెడితే పిట్ట ముట్టదు. కుటుంబం ముక్కలై ఉండటమే కారణం. నల్లిబొక్క దగ్గర మొదలైన మాటపట్టింపు ఇరవై ఏళ్ళ పగైంది. సినిమా చివరన పదకొండో రోజున ఒక జంట వచ్చి ఆ పెద్దాయన కథ పాడతారు. ఆ పాడినవారు సినిమా నటులు కారు. మన వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. ఆ రోజుల్లో తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ తెర కట్టి ఈ సినిమా ఆడించడం, జనం చాపలు పరుచుకుని చూడటం, విడిపోయిన అన్నదమ్ములు మళ్ళీ కలిశారని పత్రికల్లో రావడం మీకందరికీ గుర్తుండే ఉంటుంది.

నేను మా చుట్టాల ఊరిలో చూశాను. కొమురమ్మ గొంతు ఎత్తగానే, 39 సంవత్సరాల క్రితం నేను వాకిట్లోంచి పంపించిన పాట తిరిగి వచ్చి నా ఎదుట కూర్చున్నట్టయింది. మొదట మా నాయన కోసం ఏడ్చాను. ఆ తర్వాత తమ్ముడి కోసం ఏడ్చాను. చుట్టూ చూస్తే చీకట్లో మగవాళ్ళందరూ తువ్వాళ్ళు మొహాలకు అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఎవరి ఫైలు వారిది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

మరునాడు మొదటి బస్సుకు పెద్దవంగర వచ్చి, మా ఇంట్లోకి కాకుండా నేరుగా మరదలి ఇంటికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక, "గోడ తీపిస్తానమ్మా" అన్నాను. ఆమె చాయ్ గ్లాసు చేతికిచ్చి, "గోడ గిప్పుడెందుకు బావా? ఆయన పొద్దూకితే మీ దర్వాజ దిక్కే జూస్కుంట కూసునేటోడు. ఒక్కసారన్న వస్తవని" అన్నది. నేను ఆమె ఎదుటే మళ్ళీ ఏడ్చాను. ఈసారి పాట అక్కరలేకపోయింది.

మిత్రులారా, పాట గొప్పదే. తమ్ముణ్ణి మాత్రం తేలేదు. నలభై ఏళ్ళనాడు ఆ దంపతులను పాడనిచ్చి ఉంటే, మేమిద్దరం ఒకరి మెడ పట్టుకుని ఒకరం ఏడ్చి ఉంటే, ఆ తర్వాత ఒక అడుగు గోడ మా మధ్య నిలిచేదా అని ప్రతిరోజూ అనుకుంటాను.

మొగిలయ్య గారు కిడ్నీల జబ్బుతో చాలాకాలం బాధపడి 2024 డిసెంబరు 19న కన్నుమూశారు. ఎందరినో ఏడిపించి తేలికపరచిన ఆ గొంతు ఇక లేదు. అటువంటి కళాకారులు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వారు వాకిట్లోకి వస్తే నాలాగా తరిమేయకండి. కూర్చోబెట్టి, పాడించి, తగిన పైకం ఇచ్చి పంపండి.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. ఇంట్లో పెద్దాయన ఏ ఘంటసాల పాటో, ఏ హరిశ్చంద్ర పద్యమో వింటూ కళ్ళు తుడుచుకుంటే, "ఏమైంది నాన్నా?" అని కంగారుపడి పాట ఆపేయకండి. నవ్వకండి. పక్కన కాసేపు కూర్చోండి, చాలు. అయితే పాట లేకుండానే రోజుల తరబడి ఏడుస్తూ, అన్నం, నిద్ర మానేస్తే అది వేరే సంగతి. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

తోటి పెన్షనర్లకు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మనతో ఏళ్ళ తరబడి మాట్లాడని వాళ్ళు ఎవరైనా బతికి ఉంటే, పదకొండో రోజు పాట వినేదాకా ఆగకండి. ఈ సభ నుండి ఇంటికి పోయే దారిలోనే వాళ్ళ దర్వాజ తట్టండి. బతికి ఉన్నామని ఏటేటా ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. కంటి నీరు కూడా అటువంటి సర్టిఫికెట్టే. దానిని సొంతవాళ్ళ ముందు దాఖలు చేయడానికి సిగ్గు పడవద్దు.